ఊరి పగ్గాలు ఎవరి చేతిలో: కరణం దస్తరం నుంచి సర్పంచ్ చెక్కు దాకా

పంచాయతీ ఆఫీసు గోడ మీద సర్పంచ్ పేరు పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. ఊళ్లో అధికారం ఎవరిదో తెలుసుకోవడానికి ఆ పేరు చాలదు. శివారు ఆయకట్టుకు కాలువ నీళ్లు ఏ రోజు చేరాలో ఎవరు చెబుతారు? కల్లంలో ఎవరి కుప్పను ముందు కాంటా వేస్తారు? సీసీ రోడ్డుకు పెట్టుబడి ఎవరు పెడతారు? పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడితే ఎవరితో ఫోన్ చేయించుకోవాలి? ఇవి అడిగితే అసలు పగ్గాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. చాలా పల్లెల్లో ఈ పనులన్నీ నడిపేది పది పదిహేను కుటుంబాలే. ఊరి పెద్దలంటే వాళ్లే.

వాళ్లను అభివృద్ధికి అడ్డంకి అని కొట్టిపారేసేవాళ్లున్నారు, వాళ్లే లేకపోతే ఊరు ఏమైపోయేదో అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలకూ ఆధారాలు దొరుకుతాయి. బడికి స్థలం రాసిచ్చిన కుటుంబమే చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే చెరువు భూమిలో, పది ఎకరాలు కలుపుకుని ఉండొచ్చు. అందుకే మనిషి మంచితనాన్ని తూచే ప్రయత్నం ఎటూ తేలదు. ఆయన చేతికి డబ్బు పైనుంచి వస్తోందా, ఊరి జనం నుంచి వస్తోందా, ఆయన లెక్క చూడగలిగిన వాళ్లు ఊళ్లో ఎవరైనా ఉన్నారా అన్నవి చూస్తే పెద్దరికం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ దోపిడీగా మారిందో చాలావరకు అర్థమవుతుంది.

దస్తరం బలం

బ్రిటిష్ కంపెనీ 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి జమీందార్లను నిలబెట్టింది. ఇప్పటి రాయలసీమలో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీకి బాట వేశాడు. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ హయాంలో 1865లో జిలాబందీ, అంటే జిల్లాల వారీ పాలన, వచ్చింది. పైన పద్ధతి ఏదైనా, ఊరి స్థాయిలో పని నడిపింది నలుగురైదుగురే. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం, వాళ్ల కింద తలారి, నీరుగంటి. తెలంగాణలో మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ, వాళ్ల మీద దేశ్‌ముఖులు.

కరణానికి, పట్వారీకి సర్కారిచ్చే జీతం నామమాత్రం. వాళ్ల బలమంతా అడంగల్‌లో, పహాణీలో ఉండేది. భూమి ఎవరిదో ఒక గడిలో, ఎవరి అనుభవంలో ఉందో ఇంకో గడిలో ఏటేటా రాసేది వాళ్లే. అనుభవం గడిలో పేరు ఎక్కిన కౌలుదారుకు 1950 హైదరాబాద్ కౌలు చట్టం కింద రక్షణ దొరికింది. పేరు ఎక్కని వాడు ఇరవై ఏళ్లు దున్నినా కాగితం మీద కూలీయే. 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 1973 భూ పరిమితి చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠంగా పెట్టింది. చట్టం వస్తోందని ముందే తెలిసిన కుటుంబాలు కాగితాల మీద పంపకాలు చేసుకున్నాయి, పాలేర్ల పేర్ల మీద కూడా రాయించుకున్నాయి. ఆ రాత రాసిన చెయ్యి ఊరి లెక్కలు రాసే చెయ్యే. కాగితం మీద గట్టిగా ఉన్న చట్టం పొలంలో ఎందుకు పలచబడిందో ఇక్కడే తెలుస్తుంది.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవుల్ని ఒక్కసారిగా తీసేసింది. మరుసటి ఏడాది తాలూకాలు, ఫిర్కాలు పోయి 1,100కు పైగా మండలాలు వచ్చాయి. తెలుగు పల్లె చరిత్రలో అంత లోతైన మార్పు మరొకటి చెప్పడం కష్టం. వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో ఉన్న పదవి పోయింది, ఆఫీసు 40 కిలోమీటర్ల దూరం నుంచి పది పదిహేను కిలోమీటర్లకు దగ్గరైంది, వెనుకబడిన కులాల నాయకులు మండలాధ్యక్షులయ్యారు. అయితే చాలా ఊళ్లలో పాత దస్తరాలు కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. ఏ సర్వే నంబరులో ఏ మెలిక ఉందో తెలిసింది వాళ్లకే. పదవి పోయినా సలహాకు, సాక్ష్యానికి, పాత తేదీ కాగితానికి జనం ఆ గడపే తొక్కారు.

రెండో ఫలితం ఇంకా పెద్దది. 1959లో షాద్‌నగర్‌లో మొదలైన పంచాయతీ సమితుల వ్యవస్థలో సమితి అధ్యక్షుడు అంటే ఎమ్మెల్యేకు సమానమైన మనిషి. మండలాలు చిన్నవి కావడంతో ఆ స్థాయి నాయకుడు లేకుండా పోయాడు. నియోజకవర్గంలో నాలుగైదు మండలాల మీద చెయ్యి ఉన్నది ఎమ్మెల్యే ఒక్కడికే. అప్పటినుంచి ఊరి పెద్దకు కావలసింది వంశం, భూమి కంటే ఎమ్మెల్యే దగ్గర మాట చెల్లుబాటు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన జన్మభూమి కమిటీలు, 2019లో 50 ఇళ్లకొకరుగా పెట్టిన వాలంటీర్లు, 2024లో తెలంగాణలో వచ్చిన ఇందిరమ్మ కమిటీలు పార్టీలు వేరైనా ఒకే బాటన నడిచాయి. పింఛను, ఇల్లు, కార్డు ఎవరికి అన్నది సర్పంచ్‌ను, వార్డు సభ్యుల్ని పక్కనపెట్టి తేల్చే దారులవి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు చూపించింది. వాటిలో లబ్ధిదారుల ఎంపిక ఉన్నవి చాలావరకు ఇలా ఊరి గ్రామసభ చేయి దాటిపోయాయి.

సీసీ రోడ్డు పలచన ఎందుకవుతుంది

ఊరి పెద్దల ఇప్పటి బలం అర్థం కావాలంటే ఒక చిన్న సీసీ రోడ్డు లెక్క చూడాలి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. దీనికి ముందు పంచాయతీ తీర్మానం కావాలి. తర్వాత పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, అగ్రిమెంటు. పని అయ్యాక ఏఈ ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు రాయాలి, పై ఇంజనీరు డీఈఈ సరిచూడాలి, క్వాలిటీ వాళ్లు పరీక్షించాలి. అప్పుడు బిల్లు ట్రెజరీకి వెళుతుంది. ఈ వరుసలో ఎక్కడా ముందుగా రూపాయి రాదు. సిమెంటు, ఇసుక, కంకర, మిక్సరు అద్దె, కూలీ అన్నీ పని చేసేవాళ్లే పెట్టుకోవాలి.

పని విలువ 5 లక్షలు అనుకుందాం. కాంట్రాక్టరు లాభం, పైఖర్చుల కింద అంచనాలో కలిపేది దాదాపు 14 శాతం, అంటే 70 వేల లోపు. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు 10 వేలు. బిల్లు ఏడు నెలలు ఆగితే లాభమంతా వడ్డీకే సరి. తెలంగాణ సర్పంచులు 'ఫ్రీజింగ్' అనే మాటను భయంతో పలకడం ఊరికే కాదు: చెక్కు రాసి ఎస్‌టీఓలో, అంటే సబ్ ట్రెజరీలో, ఇచ్చినా ట్రెజరీ డబ్బు వదలని నెలలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్ని పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారు, ఖాతా ఖాళీ అయ్యాక గాని చాలామంది సర్పంచులకు తెలియలేదు.

నష్టపోతానని ముందే తెలిసినవాడు దాన్ని పూడ్చుకునేది రోడ్డు మందంలోనే. 15 సెంటీమీటర్లు పోయాల్సిన చోట ఒక్క అంగుళం తగ్గిస్తే 100 మీటర్లకు 7.5 ఘనపు మీటర్ల కాంక్రీటు మిగులుతుంది, దాదాపు 50 బస్తాల సిమెంటు. రెండు వైపులా అంచులు మాత్రం సరైన మందంలో పోసి మధ్యలో మట్టి ఎత్తుగా ఉంచితే పైకి కనిపించదు. గోనెసంచులు కప్పి రెండు వారాలకు తక్కువ కాకుండా తడపాల్సిన చోట నాలుగు రోజులు తడిపి ట్రాక్టర్లు వదులుతారు. ఏడాది తిరగకుండా మధ్యలో పొడవాటి పగులు వస్తుంది. జనం దాన్ని అవినీతి అంటారు, నిజమే. కానీ దాని మొదలు ట్రెజరీ ఆలస్యంలో కూడా ఉంది.

రిజర్వేషన్ అసలు ఎక్కడ వీగిపోతుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఏడాదిపాటు 5, 10 లక్షలు బిగబట్టి కూర్చోగలిగింది ఎవరు? రైస్ మిల్లు, ఎరువుల దుకాణం, ఇసుక లారీలు, పొక్లెయిన్ ఉన్న కుటుంబం. దళిత మహిళ సర్పంచ్‌గా గెలిస్తే ఆమె దగ్గర ఆ పెట్టుబడి ఉండదు, బ్యాంకు ఇవ్వదు. చివరికి అదే కుటుంబం దగ్గరికి వెళ్లాలి. వాళ్లు పెట్టుబడి పెడతారు, పని వాళ్లదే, బిల్లు వాళ్లదే, తీర్మానం ఏ వీధికి రాయాలో చెప్పేదీ వాళ్లే. సంతకం ఆమెది, బిల్లు ఆగితే పరువూ ఆమెదే. సర్పంచ్ భర్త పెత్తనం గురించి పత్రికలు చాలా రాస్తాయి. ఆ భర్త వెనక ఉన్న పెట్టుబడిదారు గురించి రాయడం తక్కువ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్‌కూ చెక్కు మీద ఉమ్మడి సంతకం ఇచ్చింది. ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. సర్పంచ్ పదవి రిజర్వ్ అయిన ఊళ్లో పెద్దల ఇంటి మనిషి వార్డుకు నిలబడి ఉపసర్పంచ్ అయితే, అతని సంతకం లేకుండా రూపాయి కదలదు.

2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణలో సర్పంచుల గడువు ముగిసింది. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, ఎన్నికైన పాలకవర్గాలు లేకపోవడంతో 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. దిగిపోయిన సర్పంచులు పాత బిల్లుల కోసం ధర్నాలు చేశారు. సొంత పెట్టుబడి ఉన్నవాళ్లు ఎలాగో తట్టుకున్నారు, పుస్తెలు కుదువపెట్టినవాళ్లు మునిగిపోయారు. పేదవాళ్లు సర్పంచ్‌కు నిలబడకుండా చేయడానికి ఇంతకంటే వేరే చట్టం అక్కర్లేదు. పని మొదట్లో 30 శాతం అడ్వాన్సు, బిల్లుకు 45 రోజుల గడువు, దాటితే వడ్డీ ప్రభుత్వానిదే అని ఒక్క ఉత్తర్వు వస్తే శిక్షణా తరగతులన్నిటికంటే అది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

రోడ్డు పోసేటప్పుడు ఊళ్లో ఎవరైనా చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కాగితాల నకళ్లకే కాక, పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి కూడా హక్కు ఇస్తుంది. ఎం-బుక్ నకలు, అంచనా నకలు, నమూనా మూడూ ఒకే దరఖాస్తులో అడగొచ్చు. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. బిల్లు పాసయ్యాక అడిగితే వాదన మిగులుతుంది, ఎం-బుక్ రాసే ముందే అడిగితే మందం సరిపోతుంది.

కాలువ మీద, కల్లం మీద

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి ఒకే విడతలో 10,292 నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టింది. దేశమంతా మెచ్చుకున్న సంస్కరణ అది. మొదటి రెండేళ్లు పూడికలు తీశారు, తూములు బాగయ్యాయి, చాలా చోట్ల శివారుకు నీళ్లు చేరాయి. అయితే ఓటు భూమి రికార్డును బట్టి వచ్చింది. డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతులు, రికార్డులో ఉన్నది భూస్వాములు. నీళ్లు కావలసినవాడికి ఓటు లేదు, ఓటున్నవాడిలో కొందరు హైదరాబాద్‌లో ఉన్నారు. సంఘానికి పనులు టెండరు లేకుండా నామినేషన్ మీద రావడంతో అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు. నిధులు పైనుంచి వచ్చినంత కాలం సంఘం ఉంది, నిధులు ఆగాక చాలా సంఘాలు బోర్డులకే పరిమితమయ్యాయి.

పూడికతీతలో మోసం జరిగే సమయం తెలుసుకోవాలి. కాలువ మూసేది వేసవిలో, పని మొదలుపెట్టాల్సిందీ అప్పుడే. మంజూరు మాత్రం తరచూ జూన్‌లో, నీళ్లు వదలడానికి వారం ముందు వస్తుంది. తీసిన మట్టిని కొలవాలంటే పనికి ముందు, తర్వాత కాలువ అడుగు మట్టం రెండుసార్లు చూడాలి. నీళ్లు వచ్చేశాక రెండో కొలత ఎవరూ తీయలేరు. అప్పుడు ఎం-బుక్‌లో ఏది రాస్తే అదే లోతు. గట్టు మీద గుర్రపుడెక్క కుప్పలు నాలుగు వేసి ఫొటో తీస్తే చాలు.

కౌలు రైతుకు ఇంకో తలుపు కూడా మూసే ఉంటుంది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2019 సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం ఒకవైపు, పంట రుణం, బీమా, నష్టపరిహారం తమ పేరునే వస్తాయన్న ఆశ మరోవైపు. చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కౌలుదారుకు కార్డు లేకపోతే బ్యాంకు లేదు, ఎరువుల కొట్టు షావుకారే గతి. ఆ షావుకారు పంట తనకే అమ్మాలంటాడు. భూమి, అప్పు, కొనుగోలు ఒకే చేతిలో పడేది ఇలా.

తెలంగాణలో వడ్ల కొనుగోలు ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘాల చేతికి, సహకార సంఘాల చేతికి రావడంతో ధర విషయంలో రైతుకు నిజంగా మేలు జరిగింది. మద్దతు ధర అందుతోంది, డబ్బు ఖాతాలో పడుతోంది. కానీ తూకం దగ్గర పెద్దల చెయ్యి మిగిలింది. తేమ 17 శాతం లోపు ఉంటే 40 కిలోల బస్తాకు 40 కిలోలే తూచాలి. తాలు, తేమ పేరుతో బస్తాకు కిలో నుంచి రెండు కిలోలు 'తరుగు' తీస్తారు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండితే అవి 62 బస్తాల పైమాటే. బస్తాకు 2 కిలోల చొప్పున 125 కిలోలు పోయాయంటే 2025-26 ఏ గ్రేడు ధర 2,389 రూపాయల మీద ఎకరానికి దాదాపు 3 వేల రూపాయలు.

ఇది కల్లంలో కంటే మిల్లు గేటు దగ్గర ఎక్కువ జరుగుతుంది. ఎన్ని బస్తాలు ఎక్కించారో రాసిన ట్రక్ షీటుతో లారీ మిల్లుకు వెళుతుంది. మిల్లరు దించుకుని బస్తాల సంఖ్య తగ్గించి రాసిస్తాడు. అక్కడ రైతు ఉండడు. కాదంటే లారీని రెండు రోజులు దించకుండా నిలబెడతారు, ఇక్కడ కల్లంలో వడ్లు వానకు తడుస్తుంటాయి. సంఘం మహిళలు మిల్లరుతో పోట్లాడలేక ముందే తరుగుకు ఒప్పుకుంటారు. మిల్లర్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగివ్వాలి. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువవుతాయి, పచ్చి బియ్యంలో ఆ లెక్క నిలవడం కష్టం. కానీ ఆ నష్టాన్ని ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది పోయి, నోరులేని రైతు బస్తాలోంచి తీసుకోవడం అన్యాయం. మిల్లు గేటు దగ్గర రైతుల తరఫున ఒక మనిషి నిలబడ్డ చోట తరుగు తగ్గుతుంది. గన్నీలు, లారీలు ముందు ఎవరికి అన్న వరుస నంబరు బోర్డు మీద రాసిన కేంద్రంలో పెద్దల కుప్ప ముందు కదలడం కూడా ఆగుతుంది.

వీడీసీ: చట్టం లేని ప్రభుత్వం

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో పంచాయతీ పక్కనే మరో పాలన నడుస్తుంది. పేరు గ్రామాభివృద్ధి కమిటీ, వాడుకలో వీడీసీ, కొన్ని చోట్ల సర్వసమాజ్. కులానికి ఒకరిద్దరు చొప్పున పెద్దలు కూర్చుంటారు. ఎన్నిక ఉండదు, చట్టంలో దీనికి చోటు లేదు. ఆదాయం మాత్రం ఉంటుంది: బెల్టుషాపుల వేలం, ఇసుక ట్రాక్టర్ల మీద రుసుము, మాంసం అమ్మకం హక్కు, కల్లు మామూలు, జరిమానాలు. ఆ డబ్బుతో గుళ్లు కట్టారు, ఫంక్షన్ హాళ్లు కట్టారు, సర్కారు బడిలో టీచరు లేకపోతే విద్యా వలంటీరును పెట్టి జీతమిచ్చారు, మోటార్లు బాగుచేయించారు. ట్రెజరీ ఏడాదికి చేయని పని వీడీసీ వారంలో చేసిన ఊళ్లున్నాయి. అందుకే జనం దాన్ని తేలిగ్గా వదులుకోరు.

మరో ముఖం భయంకరంగా ఉంటుంది. కమిటీ అడిగినంత కట్టలేమన్న గౌడులు, రేటు తగ్గించమని అడిగిన రజకులు, పొలం తగాదాలో తీర్పు ఒప్పుకోని కుటుంబం సాంఘిక బహిష్కరణకు గురవుతారు. మైకులో చాటిస్తారు. కిరాణా కొట్టు ఉప్పు కూడా అమ్మదు, ట్రాక్టరు పొలానికి రాదు, మాట్లాడినవాళ్లకు జరిమానా. కేసులు పెట్టినా నిలబడటం కష్టం, ఎందుకంటే సాక్ష్యం చెప్పాల్సింది ఆ ఊరివాళ్లే. బాధితులు దళితులో, గిరిజనులో అయితే 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం బహిష్కరణను నేరంగా చూస్తుంది. వెనుకబడిన కులాల వాళ్లకు ఆ రక్షణ లేదు. మహారాష్ట్ర శాసనసభ 2016లో సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం ఆమోదించింది, అందులో బాధితుడి కులంతో పనిలేదు. పొరుగు రాష్ట్రంలో ఉన్న ఆ చట్టం ఇక్కడికీ రావడం అత్యవసరం.

సర్పంచ్ పదవి వేలం వేసేది కూడా ఇలాంటి పెద్దలే. పాట పాడినవాళ్లు గుడికో, ఊరి ఖాతాకో డబ్బు కడతారు, మిగతావాళ్లు నామినేషన్ వేయరు, ఫలితం ఏకగ్రీవం. ప్రభుత్వాలు ఏకగ్రీవానికి బహుమతులు పెట్టి దీనికి ఊతమిచ్చాయి. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించింది. ఊళ్లో గొడవలు లేకుండా అందరూ ఒప్పుకుంటే ఏకగ్రీవం మంచిదే. కానీ బయటినుంచి చూసేవాళ్లకు ఒప్పుకున్న ఊరికీ, నోరు నొక్కిన ఊరికీ తేడా తెలియదు. నామినేషన్ల చివరి రోజు ఎవరు వేశారు, ఉపసంహరణ రోజు ఎవరు వెనక్కి తీసుకున్నారు అన్న జాబితాలో మాత్రం కొంత కనిపిస్తుంది: రిజర్వుడు స్థానంలో ఒకే ఒక్క నామినేషన్, ఆ అభ్యర్థి ఫలానా ఆసామి దగ్గర జీతగాడు అయితే ఇంకేం చెప్పాలి.

ముల్కనూరు తేడా

పెద్ద కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఊరిని నిలబెట్టిన ఉదాహరణకు ముల్కనూరుకు మించింది లేదు. ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి ఈ సహకార సంఘాన్ని మొదలుపెట్టారు. చుట్టుపక్కల 14 గ్రామాల రైతులు సభ్యులు. అప్పు, ఎరువు, విత్తన వడ్ల కొనుగోలు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగు అన్నీ ఒకే సంఘం కింద పెరిగాయి. 2000లో ఆ ఒరవడిలోనే మహిళల పాల డెయిరీ, స్వకృషి, వచ్చింది.

పక్క మండలాల సహకార సంఘాల్లోనూ భూస్వాములే అధ్యక్షులు. మరి వాటికి ఏమైంది? మామూలు సంఘానికి డబ్బు జిల్లా సహకార బ్యాంకు నుంచి వస్తుంది. సభ్యుడు కట్టింది కొద్దిపాటి షేరు ధనం. రుణమాఫీ వస్తుందన్న ఆశతో కట్టడం ఆపేస్తారు. ఎన్నికలు వాయిదా వేసి ప్రభుత్వం త్రిసభ్య కమిటీలు వేస్తుంది, ఆ ముగ్గుర్నీ ఎంపిక చేసేది ఎమ్మెల్యే. సంఘం మునిగినా సభ్యుడికి పోయేది తక్కువ కాబట్టి లెక్క అడిగేవాడు లేడు. ముల్కనూరులో సభ్యుల పొదుపు సంఘంలోనే ఉంది. అధ్యక్షుడు తప్పు చేస్తే పోయేది వాళ్ల సొంత డబ్బు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వ వాటా ధనం ఉండదు, కాబట్టి పాలకవర్గంలోకి ప్రభుత్వం మనుషుల్ని పంపలేదు. రోజువారీ పని జీతానికి పెట్టుకున్న ఉద్యోగులది, విధానం ఎన్నికైన బోర్డుది. పెద్దమనిషికి అక్కడ గౌరవం దక్కింది, చెక్కుబుక్కు ఒంటరిగా దక్కలేదు.

వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లిలోనూ ఇదే కనిపిస్తుంది. తాగునీటికి, రోడ్లకు, కేబుల్ టీవీకి కూడా వేర్వేరు కమిటీలు వేసి, పన్నులు పూర్తిగా వసూలు చేసుకున్న ఊరది. ప్రవాసులు కట్టించే వాటర్ ప్లాంట్ల గతి పోల్చి చూడండి. అమెరికా నుంచి వచ్చిన దాత 6 లక్షలు పెట్టి ఆర్ఓ ప్లాంటు కట్టిస్తాడు, పేరు చెక్కిస్తాడు, తాళం బంధువుకిస్తాడు. రెండు మూడేళ్లకు మెంబ్రేన్ మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి. 20 లీటర్ల క్యాన్‌కు వసూలు చేసిన డబ్బు ఎటు పోయిందో లెక్క ఉండదు, ప్లాంటు మూతపడుతుంది. దాత మంచి మనసుతోనే ఇచ్చాడు. ఇచ్చే ముందు నిర్వహణ కమిటీ పేరున వేరే బ్యాంకు ఖాతా, నెలనెలా బోర్డు మీద జమాఖర్చు అడిగి ఉంటే ఆ ప్లాంటు నడిచేది.

లెక్క చదివిన చోట

పెద్దల చేతిలోని తలుపుల్ని నిజంగా తెరిచిన ప్రయత్నం ఒక్కటి చెప్పమంటే ఉపాధి హామీ సామాజిక తనిఖీని చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దేశంలోనే మొదట ఆ పథకం మొదలైంది. చట్టం కాంట్రాక్టర్లను నిషేధించింది, కూలికి కనీసం 60 శాతం, సామగ్రికి 40 శాతం మించకుండా హద్దు పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో తనిఖీకి ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న యువతను తీసుకుని, శిక్షణ ఇచ్చి, తమది కాని ఊళ్లకు పంపారు. వాళ్లు మస్టరు, అంటే కూలీల హాజరు పట్టిక, పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు: ఈ వారం మీరు ఆరు రోజులు పని చేసినట్టుంది, చేశారా? ఎంత వచ్చింది? చనిపోయినవాళ్ల పేర్లు, పొరుగూళ్లో ఉద్యోగం చేసేవాళ్ల పేర్లు, ట్రాక్టరుతో తోలిన మట్టికి మనుషుల మస్టర్లు బయటపడ్డాయి. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదివారు. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును పెట్టించిన పెద్ద అక్కడ కూర్చుని వినాల్సి వచ్చింది. కూలి డబ్బు పోస్టాఫీసు, బ్యాంకు ఖాతాల్లో పడటంతో మేస్త్రీ చేతిమీదుగా పంచే రోజులూ పోయాయి.

దీనికీ పరిమితులున్నాయి. కూలి వైపు గట్టి నిఘా పడేసరికి సామగ్రి వైపు, అంటే సీసీ రోడ్ల వైపు, పెద్దలు జరిగారు. ఆ బిల్లు సరఫరాదారు ఖాతాకు పోతుంది, ఊళ్లో ఇంటింటికీ తిరిగినా దాన్ని సాక్ష్యంతో పట్టుకోలేరు. 2023 జనవరి నుంచి మొబైల్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేస్తే, పాత ఫొటోకే ఫొటో తీసి ఎక్కించారు. తనిఖీలో తేలిన సొమ్ములో వసూలైంది కొంతే. ప్రజావేదికలో తీర్పు చెప్పే అధికారులు, తప్పు చేసిన సిబ్బంది పైఅధికారులు ఒకే శాఖవాళ్లు కావడం దానికి పెద్ద కారణం: కింది ఉద్యోగి దగ్గర రెండు వేలు రికవరీ రాసి, అతన్ని పెట్టించిన వాళ్ల జోలికి పోకుండా ఫైలు మూసేస్తారు. వేదిక మీద వేరే జిల్లా అధికారి ఒకరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒకరు కూర్చోవాలి. సామగ్రి బిల్లులకు సిమెంటు ఇన్‌వాయిసు, రవాణా బిల్లు, ఎం-బుక్ కొలత మూడూ పక్కపక్కన పెట్టి చదవాలి. వసూలు ఎంత జరిగిందో తర్వాతి తనిఖీలో మొదటి అంశంగా అదే ఊరి గ్రామసభలో చెప్పాలి. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి కాబట్టి, అడగదలచుకున్నవాళ్లకు ఏడాదికి ఆరు అవకాశాలు ఇప్పటికే ఉన్నాయి.